గొడవ సద్దుమణిగాక వచ్చేవాళ్లు

నరసరావుపేటలో మానసిక వైద్యం చేసే నా దగ్గరికి మాచర్ల, గురజాల పల్లెల నుంచి వచ్చేవాళ్లు మొదట భయం అనరు. గుండె దడ అంటారు, కడుపులో మంట అంటారు. సంచిలో ఈసీజీ, ఎండోస్కోపీ కాగితాలుంటాయి. అన్నీ నార్మలే.

2024 మే 13న ఎన్నికల పోలింగ్ జరిగింది. ఆ రోజూ, మర్నాడూ మా పల్నాడు జిల్లాలో గొడవలు జరిగాయి, బాంబులు పడ్డాయి. 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం ఎస్పీని సస్పెండ్ చేసింది. తల పగిలినవాళ్లు ఆసుపత్రి రికార్డుకెక్కారు. తలుపు సందులోంచి చూసిన ఆడవాళ్లు, మంచం కింద దాక్కున్న పిల్లలు ఏ రికార్డులోనూ ఉండరు. నేను ఎక్కువగా చూసేది వీళ్లనే.

పెళ్లి ఊరేగింపులో టపాసు పేలితే ఒకామె ఇంట్లోకి పరుగెత్తి గడియ వేసుకుంటుంది. ఆ క్షణాన ఆమెకు అది పెళ్లి కాదు, బాంబులు పడిన ఆ రాత్రే. గొడవ జరిగిన బజారు వైపు వెళ్లదు, పిల్లల మీద అయినదానికీ కానిదానికీ విరుచుకుపడుతుంది. జడుసుకుందని తాయెత్తు కట్టిస్తారు. కట్టించండి, నేను వద్దనను. కానీ నెల దాటినా తగ్గకపోతే అది పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసులో మిగిలిపోయే ఒత్తిడి జబ్బు కావచ్చు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ చూశాక అమెరికా వైద్యులు 1980లో ఈ జబ్బును తమ జాబితాలో చేర్చారు. సైనికులకే వస్తుందనుకోవద్దు.

మగవాళ్లను మాట్లాడించడం మరీ కష్టం. ఏటా కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు చేసుకునే సీమ మనది. ఆ వీరుల్లో ఒకడైన బాలచంద్రుడి కథ వింటూ పెరిగినవాడు నాకు భయంగా ఉందని ఎవరితో చెప్పుకుంటాడు? సాయంత్రానికి మందు సీసా పట్టుకుంటాడు. నా దృష్టిలో ఈ మౌనం ఆ బాంబులంత చేటు చేస్తోంది.

వైద్యంలో చిక్కు ఇంకొకటుంది. ప్రమాదం గడిచిపోయిందని నమ్మకం కలిగించడమే మా పద్ధతికి పునాది. ఇక్కడేమో కేసులో ముద్దాయి బెయిలు మీద వచ్చి ఎదురింట్లోనే ఉంటాడు. అందుకే ముందు ఇప్పుడున్న ప్రమాదం వల్ల కలిగే భయాన్నీ, పాత జ్ఞాపకం రేపే భయాన్నీ విడదీస్తాం. ఎదురింటివాడి విషయంలో జాగ్రత్త అవసరమే, దాన్ని పోగొట్టను. ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి ఎక్కడికి వెళ్లాలి అన్నది ఇంటివాళ్లతో కలిసి తేల్చుకుంటాం. కుక్కర్ విజిల్‌కు వచ్చే వణుకు వేరు. ఆ రోజు జరిగినదాన్ని నిదానంగా, పలుమార్లు చెప్పిస్తూ పోతే ఆ వణుకు సడలుతుంది. కొందరికి సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు ఇస్తాం, గుణం తెలియడానికి వారాలు పడుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం ఈ జబ్బును తగ్గించవు, పైగా అలవాటవుతాయి.

ఇక్కడిదాకా రాలేనివాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

పల్లెల్లో ముందుగా నాడి చూసేది ఆర్ఎంపీలు, ఆశా కార్యకర్తలు. వాళ్లను నేను కోరేది ఒక్కటే. గుండె దడ అంటూ వచ్చినవాళ్లకు సెలైన్ ఎక్కించేముందు పక్కకు పిలిచి, గొడవప్పుడు నువ్వెక్కడున్నావమ్మా అని అడగండి.