ఇరుసు మ్రోత

మా తండ్రిగారు విడిచిపోయినవానిలో నా వంతునకు వచ్చినవి రెండు: ఒక బీరువా నిండ పుస్తకములు, 1974వ సంవత్సరపు అంబాసిడరు కారు. పుస్తకములు చదువుట నాకు కొంత తెలియును. కారును చదువుట మాత్రము మొన్నటి మాఘమాసమువరకు తెలియలేదు. దానిని నేర్చుకొన్న విధమును, అంతకు ముందు నేను చేసిన అపరాధమును ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాతృకగా గొని, వంగదేశమందలి ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు ఈ కారును నిర్మించిరి. ఇంజను ముందున్నది, బండిని నెట్టు చక్రములు వెనుకనున్నవి. ఇంజను బలము గేరుపెట్టెనుండి ప్రొపెల్లరు షాఫ్టు అను పొడుగాటి గొట్టము గుండ వెనుక ఇరుసు నడుమనున్న ఉబ్బును చేరును. అచ్చట పినియను అను చిన్న పండ్ల చక్రము, క్రౌను అను పెద్ద పండ్ల చక్రమును త్రిప్పును. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలిదానికన్న ఎక్కువ దూరము పోవలెను గదా. ఆ భేదమును సరిపుచ్చునది డిఫరెన్షియలు. ఈ పండ్లు ఒకదానిపై నొకటి దొర్లుటయేగాక జారుచు రాచుకొనును. కావున వానికి హైపాయిడు నూనె యను ప్రత్యేకమైన చిక్కని నూనె కావలెను. మామూలు నూనె పోసినచో పండ్లు అరిగిపోవును.

కార్తికమాసమున మా పాత మెకానిక్కు ఆ నూనెను మార్చెను. అతడు ముప్పదియేండ్లు మా తండ్రిగారి బండిని చూచినవాడు. నూనె మార్చిన మూడు వారములకు వెనుకనుండి యొక మ్రోత మొదలైనది. వేగము పెరిగినకొలది అదియు పెరుగును. మిత్రు డొకడు "చవుకరకము నూనె పోసియుండును" అనెను. నాకును అట్లే తోచెను. నూనె మార్చెను, మ్రోత వచ్చెను, ఇక సందేహమేమి? అతనికీయవలసిన పండ్రెండువందల రూపాయలను ఆపివేసితిని. అంతటితో నూరకుండక, బజారులో ఇద్దరు ముగ్గురితో అతని చేతివాటమును గూర్చి చెప్పితిని. వేరొక షెడ్డువారు చెవి యొగ్గి విని, క్రౌను పినియను రెండును మార్చవలెననిరి. వారడిగిన పైకము నా నెలజీతమునకు దగ్గరగా నుండెను.

ఆ రాత్రి తొమ్మిదవ తరగతి చదువు మా అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగెను. "నాన్నగారూ, కాకతాళీయ న్యాయము మీరే చెప్పితిరి గదా. కాకి వ్రాలగనే తాటిపండు రాలినంతమాత్రమున కాకియే దానిని రాల్చిన ట్లగునా? నూనెయే మ్రోత తెచ్చినదని మీకెట్లు తెలిసినది?"

నాకు ప్రత్యుత్తరము దొరకలేదు. మన తార్కికులు కారణమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములను చెప్పిరి. ఇది యున్నచో అదియుండవలెను. ఇది లేనిచో అదియు లేకుండవలెను. జాన్ స్టూవర్టు మిల్లు 1843లో ప్రకటించిన తర్కగ్రంథమున బోధించినదియు దీనిని పోలినదే. రెంటిని పరీక్షలకై చదివితిని. బండి విషయమున ఒక్కదానినైనను ప్రయోగింపలేదు.

మరునాడు తెల్లవారకముందే, ధవళేశ్వరము దారిలో జనసంచారము లేని వేళ, ఇద్దరమును బయలుదేరితిమి. అమ్మాయి కాగితము, కలము పట్టుకొని ప్రక్కన కూర్చుండెను.

మొదట గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున మూడవ గేరులోను, పిమ్మట అదే వేగమున నాలుగవ గేరులోను నడిపితిని. ఇంజను స్వరము మారెను, మ్రోత మారలేదు. గేరు తీసి బండిని దొర్లనిచ్చినను మ్రోత నిలిచియుండెను. కావున దోషము ఇంజనులో లేదు, గేరుపెట్టెకు వెనుకనున్నది. తారుబాటనుండి సిమెంటు బాటకు వచ్చినపుడును భేదము కానరాలేదు. కావున టైర్లది కాదు. ఆగి బయలుదేరునపుడు 'టక్కు'మను దెబ్బ లేదు. కావున షాఫ్టు కొనలనుండు క్రాసు కీళ్లు అరిగినట్లు లేదు. బండి అదరుటయు లేదు. కావున షాఫ్టు వంగియుండదు.

ఇక అసలు పరీక్ష. క్రౌను పినియను పండ్లు చెడినచో, వానిపై బరువు మారినపుడెల్ల కూత మారవలెను. యాక్సిలరేటరును త్రొక్కితిని, విడిచితిని, మరల త్రొక్కితిని. మ్రోత ఒక్కతీరున నుండెను. పైగా చక్రమొకసారి తిరుగునప్పటికి పినియను నాలుగు మారులకు మించి తిరుగును. దాని బేరింగులు చెడినచో సన్నని కీచుధ్వని రావలెను. ఇదియో, తిరుగలి విసరినట్లు బొంగురుగా నున్నది.

ఎడమవైపు మలుపు వచ్చెను. మ్రోత హెచ్చెను. కుడివైపు తిరిగితిమి, తగ్గెను. అమ్మాయి కాగితమునుండి తల యెత్తి "ఎడమకు తిరిగినపుడు బరువు ఏ చక్రముమీద పడును?" అని యడిగెను. కుడి చక్రముమీద. దోషము కుడి వెనుక చక్రపు బేరింగులో నున్నది! ఇంటికి వచ్చి కారుషెడ్డు మూలనున్న ఖాళీ నూనె డబ్బాను వెదకి తీసితిని. దానిపై హైపాయిడు 90 అని స్పష్టముగా నున్నది. మెకానిక్కు దానిని మా యింటనే విడిచిపోయియుండెను; నేను చూడనైనను చూడలేదు.

ఆ డబ్బాను చేతపట్టుకొని నిలుచుండగా మా పినతల్లి జ్ఞాపకము వచ్చెను. ఆమె కాపురమునకు వచ్చిన నెలకు మా తాతగారు పోయిరి. ఆయనకు రెండేండ్లుగా గుండెజబ్బు. అయినను "కోడలు కాలుపెట్టిన వేళ" అనిరి. ముప్పది సంవత్సరములు శుభకార్యములలో ఆమెను వెనుకవరుసనే నిలిపిరి. అన్నవారు చదువురానివారు కారు. విని యూరకున్నవారిలో నేనును ఒకడను. తరగతిలో కాకిని, తాటిపండును ఉదాహరించితిని గాని, మా యింటి కోడలిని ఉదాహరింపలేదు. ఆమె యిప్పుడు లేదు. ఆమెతో చెప్పవలసిన మాట ఇక చెప్పుటకు వీలులేదు. మెకానిక్కు షెడ్డు మాత్రము నాలుగు వీథుల యవతల తెరచియేయున్నది.

వెళ్లితిని. అతడు కుర్చీ వేసెను, మాటాడలేదు. కాగితము చదివి వినిపించితిని. అతడు ముందు చక్రములకు రాళ్లుపెట్టి, వెనుక భాగమును జాకీతో లేపి, ఇరుసు క్రింద దిమ్మలు నిలిపెను. జాకీనొక్కదానిని నమ్మి బండిక్రిందికి పోరాదని అమ్మాయికి చెప్పెను. చక్రమును చేతితో త్రిప్పుచు, ఆమె చేతిని కమానుకట్టపై పెట్టించెను. "ఇసక నలిగినట్టు లేదూ అమ్మా?" "ఉన్నదండీ" అని ఆమె అనెను. ఎడమ చక్రము నునుపుగా తిరిగెను. విప్పి చూడగా బేరింగు గుండ్లపై తుప్పు మచ్చలు.

అపుడు నాకు గుర్తువచ్చెను. శ్రావణమాసపు వానలలో మోకాలిలోతు నీటిలో బండిని నడిపినవాడను నేనే. కార్తికమున నూనె తీయుచు అతడు "తెల్లబారిందండీ, నీళ్లు చేరాయి. చక్రాలు కూడా విప్పి చూస్తే మంచిది" అని చెప్పియుండెను. వార్తాపత్రికనుండి కన్నెత్తక తల యూపినవాడను నేనే.

"తప్పు నాది" అని పండ్రెండువందలును అతని చేత పెట్టితిని. అతడు లెక్కపెట్టుకొని, "డబ్బుకేం గాని పంతులుగారూ, బజార్లో చెప్పారటగా, అక్కడ కూడా చెప్పండి" అనెను.

ఇంటికి పోకుండ నేరుగా బజారునకు పోయితిని. మొదటి దుకాణమున చెప్పుట కష్టముగానుండెను. రెండవదానను అంతే కష్టముగానుండెను. మూడవ దుకాణమువాడు ఊరలేడు. రేపు పోవలెను.