జీతం ఇచ్చి మరీ చదివిస్తారా?

"పీహెచ్‌డీకి ఫీజు ఎంత కడుతున్నారండీ?" ఇక్కడ ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా, ఏ పండగకి నలుగురం కలిసినా నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. కట్టడం లేదండీ, వాళ్లే నాకు నెలనెలా జీతం ఇస్తున్నారు అంటే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు "డేటా సైన్సా?" అంటారు. కాదు, మీడియా అండ్ కమ్యూనికేషన్ అంటే "ఓ, యాంకరింగా!" అని ఊరుకుంటారు. ఆ రెండింటికీ ఇక్కడ కాస్త తీరిగ్గా జవాబు చెప్తాను. ఎవరూ పైకి అడగని మూడో ప్రశ్న ఒకటుంది. "ఇద్దరు పిల్లలతో, ఈ వయసులో ఇప్పుడెందుకు?" అని. దానికీ చెప్తాను.

ముందు సబ్జెక్టు సంగతి. టీవీలో, పేపర్లో, ఫోన్లో వచ్చేది మన మీద ఎలా పనిచేస్తుంది, మనం దాన్ని ఎలా వాడుకుంటాం అన్నదే ఈ చదువు. 1968 అమెరికా ఎన్నికలప్పుడు చాపెల్ హిల్‌లో మెకోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు ఓటర్లని "మీకు ముఖ్యమైన సమస్యలేవి?" అని అడిగారు. వార్తల్లో ఏ విషయాలకి ఎక్కువ చోటిచ్చారో దానితో పోల్చి చూస్తే రెండూ దాదాపు సరిపోయాయి. 1972లో అచ్చయిన ఆ పరిశోధన మాకు మొదటి సెమిస్టర్‌లోనే చదివించారు. నా మనసుకి పట్టింది మాత్రం జానిస్ రాడ్‌వే 1984లో రాసిన 'రీడింగ్ ద రొమాన్స్'. ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ల దగ్గర కూర్చుని, ఎందుకు చదువుతున్నారని ఆవిడ అడిగింది. పుస్తకం చేతిలో ఉన్న కాసేపూ తమకంటూ మిగిలే సమయం, ఎవరికీ ఏదీ అందించనక్కర్లేని సమయం అన్నారు వాళ్లు. మా అమ్మ వారపత్రికలో సీరియల్ చదివేటప్పుడు ఎంత పిలిచినా పలికేది కాదు. అది పరిశోధన చేయదగ్గ విషయమని నాకు నలభై దగ్గరపడ్డాక తెలిసింది.

మన దగ్గరా ఇలాంటివి బోలెడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చదువుకున్న అక్షరాస్యత పాఠాలతో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమాన్ని దినపత్రికలు అందుకుని రాష్ట్రమంతా పాకించాయి. 1993లో సారా నిషేధం వచ్చింది. అచ్చులో ఉన్న మాటకి అంత బలం ఎక్కడిది? ఇలా అడగడమే మా పని.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ మాస్టర్స్‌కి చాలావరకు మన చేతి డబ్బు పెట్టాలి. పీహెచ్‌డీ అలా కాదు. మంచి డిపార్ట్‌మెంట్లు తీసుకున్న విద్యార్థికి ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తాయి. దానికి బదులు వారానికి 20 గంటలు పని చేయాలి. దాన్నే అసిస్టెంట్‌షిప్ అంటారు. నాకు ఏడాదిలో 9 నెలలకి 19,000 డాలర్లు ఇస్తున్నారు. వేసవి జీతానికి హామీ లేదు. స్టూడెంట్ ఫీజుల పేరుతో సెమిస్టర్‌కి కొంత కట్టాల్సి వస్తుంది కూడా. ఆఫర్ లెటర్‌లో ఇవన్నీ చూసుకోండి. ఎన్నేళ్లకి హామీ ఇస్తున్నారో తప్పకుండా అడగండి.

నాకు అప్పగించిన పని ఏమిటో తెలుసా? పబ్లిక్ స్పీకింగ్ క్లాసు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమెరికన్ పిల్లలకి ఇంగ్లీషులో ఉపన్యాసం ఎలా ఇవ్వాలో, తెలుగు మీడియంలో చదివిన నేను నేర్పాలి! మొదటి వారం నా యాస నాకే గట్టిగా వినిపించింది. మూడో వారానికి అర్థమైంది, మైకు ముందు నిలబడితే వాళ్లకీ నాలాగే కాళ్లు వణుకుతాయని.

మన ఆడవాళ్లకి అసలు ముడి వీసా దగ్గర పడుతుంది. హెచ్-4 మీద ఎంతైనా చదువుకోవచ్చు. అసిస్టెంట్‌షిప్ మాత్రం ఉద్యోగం కిందికి వస్తుంది కాబట్టి పని చేసే అనుమతి కావాలి. మీవారి ఐ-140 ఆమోదం పొంది ఉంటే, 2015 నుంచి ఇస్తున్న హెచ్-4 ఈఏడీ తీసుకుని అలాగే చేరొచ్చు. అది లేకపోతే ఎఫ్-1కి మారాలి. ఎఫ్-1 అంటే చదువయ్యాక వెనక్కి వెళ్లే ఉద్దేశం ఉందని చూపించాలి. ఇంట్లో గ్రీన్ కార్డు ఫైలు నడుస్తుంటే అది కాస్త చిక్కు వ్యవహారం. లాయరుని అడగకుండా అడుగు వేయకండి.

మాకప్పటికి ఆ ఫైలు మొదలవలేదు కాబట్టి నేను ఇక్కడి నుంచే ఐ-539 వేశాను. అది పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే లెక్క. జూన్‌లో తమ్ముడి పెళ్లి పడింది. తలంబ్రాలు ఫోన్‌లో చూశాను. ఆడపడుచుగా నేను చేయాల్సినవన్నీ మా పిన్ని కూతురు చేసింది. "నీ ఆడపడుచు కట్నం బీరువాలో దాచానులేవే" అంది అమ్మ. తమ్ముడు మాత్రం చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆమోదం ఆగస్టులో, క్లాసులు మొదలవడానికి వారం ముందు వచ్చింది. ఫండింగ్ అంటే అన్నీ ఉచితం అనుకునేవాళ్లకి ఈ లెక్క కూడా తెలియాలి.

అప్లికేషన్ల గురించి రెండు మాటలు. చాలా యూనివర్సిటీలకి గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. ఫండింగ్ ఆఫర్ వస్తే ఒప్పుకోవడానికి చాలాచోట్ల ఏప్రిల్ 15 దాకా సమయం ఇస్తారు. జీఆర్‌ఈ ఇప్పుడు చాలా డిపార్ట్‌మెంట్లు అడగడం లేదు. మార్కుల కంటే వాళ్లు ముఖ్యంగా చూసేది మీ ప్రశ్న ఏమిటి, దాన్ని గైడ్ చేయగల ప్రొఫెసర్ తమ దగ్గర ఉన్నారా అని. యూనివర్సిటీ పేరు చూసి కాకుండా ప్రొఫెసర్ల రచనలు చదివి ఎంచుకోండి. నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో ఆరేళ్లు పనిచేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు రెజ్యూమెలో ఖాళీ. ఆ ఖాళీలో నేను చేసిందేమిటి? మూడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు నడిపాను. ఏ వార్త ఎవరు పంపితే నమ్ముతారో, ఏది పెద్దవాళ్ల ముందు పెట్టకూడదో, ఎవరు చదివీ చదవనట్టు ఉంటారో రోజూ చూశాను. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో అదే రాశాను. సీటు తెచ్చిపెట్టింది ఆ ఖాళీయే అని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ప్రశ్న మీదే తెలుగు ఆడవాళ్లతో మాట్లాడుతున్నాను. దానికి ముందు యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు అనుమతి తీసుకోవాలి. అంగీకార పత్రం తెలుగులో రాసి చూపిస్తే ఒక పెద్దావిడ భయపడింది. "ఆపరేషన్‌కి ముందు పెట్టించుకునే సంతకంలా ఉందేంటమ్మా" అంది. ఆ పత్రం నాలుగుసార్లు తిరగరాశాను. చివరికి ఆవిడ రెండు గంటలు మాట్లాడి, వెళ్తూ "నా మాటలు కూడా రాసుకునేవాళ్లున్నారన్నమాట" అంది.

మూడో ప్రశ్న మిగిలింది. ఇంతకుముందు నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆన్‌లైన్ కోర్సులు చేసేదాన్ని. ఎవరైనా, ఎప్పుడైనా పిలిచేవారు. నేనూ లేచేదాన్ని. స్టైపెండ్ మొదలయ్యాక అత్తయ్యగారు ఫోన్లో "మా కోడలు ఆఫీసుకెళ్లిందండీ" అంటున్నారు. మావారు మంగళ, గురువారాలు వంట తనదే అని కేలండర్లో రాసుకున్నారు. చదువు అదే, మనిషినీ నేనే. ఆ చిన్న జీతం వచ్చాకే నేను తలుపు వేసుకుంటే ఎవరూ తట్టడం లేదు. ఇది నాకు సంతోషమే, కాస్త కష్టంగానూ ఉంది. జీతం లేకపోతే ఆ తలుపు వేసుకునే హక్కు లేదా? రాడ్‌వేతో మాట్లాడిన ఆడవాళ్లు పుస్తకం అడ్డం పెట్టుకుని అడిగింది కూడా ఇదేనేమో.

తర్వాత ఉద్యోగం వస్తుందా అంటే, హామీ లేదు. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. స్టెమ్ జాబితాలో లేని కోర్సుకి ఓపీటీ 12 నెలలే. ఇంటికి ముందు డబ్బే అవసరమైతే ఇది దారి కాదు, నిజాయితీగా చెప్తున్నాను. కానీ ఏళ్ల తరబడి మిమ్మల్ని వదలని ప్రశ్న ఒకటి ఉంటే, దాన్ని ఈ వారమే ఒక పేజీలో రాయండి, తెలుగులోనే. ఇంగ్లీషులోకి తర్వాత తిప్పుకోవచ్చు. ఆ పేజీ దగ్గర పెట్టుకుని ప్రొఫెసర్లని వెతకడం మొదలుపెట్టండి. డిసెంబరు ఇట్టే వచ్చేస్తుంది.