కుడతిని చేతులు, మాంచెస్టర్ మడి

మాది బళ్ళారి జిల్లా కుడతిని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నల్లరేగడి నేల, నడినెత్తిన ఎండ. అక్కడ పెరడంటే బిందెలతో నీళ్ళు మోసి బతికించుకునేది. మావారి ఉద్యోగరీత్యా మేముంటున్న మాంచెస్టర్‌లో ఎప్పుడు చూసినా జల్లే.

నాన్న పోయాక అమ్మను ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇంగ్లీషు రాదు. పలకరించే ఇరుగుపొరుగు లేరు. అన్నం సగం వదిలేసి కిటికీ దగ్గర కూర్చునేది. అడిగితే, "జొన్నరొట్టె, పుండికూర తినాలనుందమ్మా" అనేది. పుండికూరంటే మీరనే గోంగూర. దానికి వేడి నేల కావాలి. ఇక్కడ ఆరుబయట వేస్తే జానెడు లేచి, ఆకు పసుపెక్కి ఆగిపోతుంది.

ఒక జూలై ఉదయం అమ్మ శాలువా కప్పుకుని పెరట్లో నిలబడి, "ఇది మన పుష్యమాసం చలి కదమ్మా! ఆ నెలలో వచ్చేటివే వేద్దాం" అంది. ఆ మాటే మాకు దారి చూపింది. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, బఠాణీ వంటి మన చలికాలపు పంటలు ఇక్కడి వేసవికి చక్కగా సరిపోతాయి. చుక్కకూర సరేసరి. దాని దగ్గర చుట్టం సారెల్ ఒకసారి నాటితే ఏటా చిగురిస్తుంది.

ఒక్కటే చిక్కు. జూన్‌లో ఇక్కడ పగలు 17 గంటలు. ఆ వెలుతురుకు కొత్తిమీర, పాలకూర త్వరగా పూతకొస్తాయి. అందుకని రెండు వారాలకొకసారి కొద్దికొద్దిగా చల్లుతాం. ఆగస్టులో వేసినది ఎక్కువ రోజులు ఆకునిస్తుంది. టొమాటో ఆకు తడిస్తే 1845లో ఐర్లండు బంగాళదుంపను నాశనం చేసిన మాడుతెగులే దీనికీ తగులుతుంది. కనుక వాటిని కప్పు కింద పెట్టి, నీళ్ళు మొదట్లోనే పోస్తాం. పండని కాయలు పచ్చడికి.

ఊళ్ళో పురుగుకు బూడిద చల్లేవాళ్ళం. కుడతిని దగ్గర పెద్ద బూడిద దిబ్బే ఉంది. కొత్తరాతియుగపు పశువుల కాపరులు పేడ కాల్చగా ఏర్పడిందది. ఇక్కడ నత్తలకు బూడిద చల్లినా వాన కడిగేస్తుంది. చీకటి పడ్డాక అమ్మ టార్చి వేసుకుని నత్తలను ఏరుతుంది. గోడవతల పక్కింటి పెద్దావిడదీ అదే పని. ఇద్దరూ బకెట్లు ఎత్తి చూపించుకుని నవ్వుకుంటారు.

"ఊర్లో వానకు మొక్కుకుంటిమి, ఈడ ఎండకు మొక్కుకోవాల" అంటుంది అమ్మ. చుక్కకూర పప్పు వడ్డించిన ప్రతిసారీ, "పుండికూర కాదులే" అంటూనే మారు వడ్డించుకుంటుంది.

పెద్దవాళ్ళను మీ దగ్గరికి తెచ్చుకున్నారా? పెరట్లో ఒక మడి వాళ్ళకు వదిలేయండి. ఏం వేయాలో వాళ్ళనే చెప్పనివ్వండి.