పార్కు గురించి రెండు నిమిషాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాం. పల్చటి చారు, ట్రంకు పెట్టె తాళాలు, ఆదివారం గుడ్డు కోసం నిలబడ్డ లైను, ఇవన్నీ మాకంటే బాగా రాసే అన్నలు ఉన్నారు. అందుకే ఇప్పుడు హాస్టల్‌లో చదువుకుంటున్న తమ్ముళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి రాద్దామనుకున్నాం. అది మేము ఒక పరీక్షలో దెబ్బతిన్న సంగతి.

ముగ్గురిదీ ఒకే ఊరు. మా ఊళ్లో హైస్కూలు లేదు కాబట్టి ఆరో తరగతికి కొత్తూరు వచ్చి ఈ హాస్టల్‌లో చేరాం. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. రాత్రిపూట డాబా మీద పడుకుని దిగే విమానాల లైట్లు లెక్కపెట్టడం మాకు రోజూ ఆటే. కాని అందులో ఎక్కాలన్న ఆలోచన పీజీకి వచ్చాకే పుట్టింది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి గురించి సీనియర్లు చెప్పారు. పై చదువుకు విదేశాలకు వెళ్లే మన పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే సాయం అది. కాని ముందు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు రావాలి. అప్పట్లో ఫీజు పదిహేడు వేల దాకా ఉండేది. మా ముగ్గురి అమ్మలూ మహిళా సంఘంలో అప్పు తీసి కట్టారు.

ఆ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. మొదటి మూడింటికి మేము భయపడలేదు. హాస్టల్‌లో అలవాటైన పనే, కూర్చుని చదవడం. భయమంతా మాట్లాడడం దగ్గరే. ఎదురుగా ఒక పరీక్షకుడు కూర్చుంటాడు. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదట ఊరు, చదువు, ఇష్టాల గురించి చిన్న ప్రశ్నలు. తర్వాత చేతికి ఒక కార్డు ఇస్తాడు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆ మీదట ఒకటి నుంచి రెండు నిమిషాలు మనమే ఆగకుండా మాట్లాడాలి. చివర్లో అదే విషయం మీద కాస్త లోతైన చర్చ.

ఆ కార్డుల్లో తరచూ వచ్చేదొకటి పార్కు. మీరు వెళ్లిన ఒక పార్కు గురించి చెప్పండి: అది ఎక్కడుంది, ఎప్పుడు వెళ్లారు, అక్కడ ఏం చేశారు, మీకు ఎందుకు నచ్చింది.

తొమ్మిదో తరగతిలో గైడు చూసి "ఎ విజిట్ టు ఎ పార్క్" అనే వ్యాసం కంఠస్థం చేసింది మీకూ గుర్తుండే ఉంటుంది. మేము కోచింగ్‌లో నేర్చుకున్న జవాబూ దానికి తమ్ముడే. పేరు మాత్రం కేబీఆర్ పార్కు అని మార్చుకున్నాం. "ఇట్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. దేర్ ఆర్ మెనీ కలర్‌ఫుల్ ఫ్లవర్స్ అండ్ ఫౌంటెన్స్. చిల్డ్రన్ ఆర్ ప్లేయింగ్ ఆన్ ద స్వింగ్స్. వి ఎంజాయ్డ్ ఎ లాట్." రూములో ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

మాలో ఒకడికి సరిగ్గా ఆ కార్డే వచ్చింది. సంతోషంగా మొదలుపెట్టాడు. నలభై సెకన్లలో జవాబు అయిపోయింది. ఇంకా మాట్లాడమన్నట్టు పరీక్షకుడు చూస్తున్నాడు. వీడి దగ్గర మాట లేదు. లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు ఉంటుందా అని అడిగితే "నో, ఫ్రీ" అన్నాడు. చుట్టూ నడవడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే నోరు పెగల్లేదు. నిజం ఏమిటంటే వాడు కేబీఆర్ పార్కును సిటీ బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. దానికి టిక్కెట్టు ఉంది. అది 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించిన అడవి. అక్కడ చూడాల్సింది బండలు, పొదలు, నెమళ్లు. ఇవన్నీ మేము తర్వాత వెళ్లి తెలుసుకున్నాం.

మిగతా ఇద్దరికీ వేరే కార్డులు వచ్చాయి. కాని అప్పజెప్పడం మాత్రం అదే తీరు. ఇద్దరికి 5, ఒకరికి 5.5 వచ్చింది. మేము చూసుకున్న యూనివర్సిటీకి మొత్తం మీద 6.5, ఏ భాగంలోనూ 6కు తగ్గకుండా కావాలి. సంఘం అప్పుకు కిస్తీ మాత్రం ఆ నెల నుంచే మొదలైంది.

తర్వాతి ఆదివారం ఊరికి వెళ్లాం. ఇంట్లో కూర్చోబుద్ధి కాక పల్లె ప్రకృతి వనంలో వేపచెట్టు కింద కూర్చుని మళ్లీ అదే పాఠం మొదలుపెట్టాం. మాలో ఒకరి అమ్మ గడ్డి మోపుతో అటుగా వస్తూ ఆగి అడిగింది: "ఏం సదువుతున్నరు బిడ్డా?" పార్కు గురించి అని చెప్పాం. ఆమె నవ్వింది. "గీ పార్కుల గూసొని ఇంకేడిదో పార్కు గురించి సదువుతున్నరా? గుంతలు తవ్వింది మనమే గదా!"

మాకు నోట మాట రాలేదు. తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టింది 2020లో. అది కరోనా ఏడాది. కాలేజీలు మూతబడి ఇంటికొచ్చాం. అప్పుడే పద్దెనిమిది నిండింది కాబట్టి జాబ్ కార్డుల్లో మా పేర్లూ ఎక్కించుకుని, అమ్మలతో పాటు ఉపాధి హామీ పనికి వెళ్లాం. ఆ ఏడు కూలి రేటు రూ. 237. కొలత తక్కువైతే అంతా పడేది కాదు. ఈ వనంలో గుంతలు తవ్వింది, తట్టలు మోసింది, ట్రాక్టరు ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలతో నీళ్లు పోసింది మేమే. అయినా కార్డు మీద పార్కు అని కనిపించగానే మాకు జూబ్లీహిల్స్ గుర్తుకొచ్చింది గాని ఇది రాలేదు. గుర్తు రాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఒకడికి గుర్తొచ్చిందట. కూలి పని చేసిన చోటు గురించి ఎలా చెప్పేది అని సిగ్గుపడి వదిలేశాడట.

ఆ రోజు అక్కడే కూర్చుని కొత్త జవాబు తయారు చేశాం. కంఠస్థానికి కాదు, వరస కోసం. అది దాదాపు ఇలా వచ్చింది: "ద పార్క్ ఐ నో బెస్ట్ ఈజ్ ఎ స్మాల్ వన్ ఇన్ మై విలేజ్, నియర్ కొత్తూర్. ఇన్ ట్వంటీ ట్వంటీ, వెన్ కాలేజెస్ వర్ క్లోజ్డ్, మై మదర్ అండ్ ఐ డగ్ పిట్స్ దేర్. ద గ్రౌండ్ వాజ్ సో హార్డ్ దట్ వి పోర్డ్ వాటర్ ఆన్ ఇట్ ద ఈవెనింగ్ బిఫోర్. సమ్ ప్లాంట్స్ డైడ్ ఇన్ ద ఫస్ట్ సమ్మర్. ది అదర్స్ హావ్ గ్రోన్ టాలర్ దాన్ మీ."

తమ్ముళ్లూ, ఇందులో పెద్ద మాటలు ఏమీ లేవు. కాని పరీక్షలో మార్కులు ఇచ్చే నాలుగు అంశాలకూ ఇది ఎలా పనికొచ్చిందో చూడండి. నాలుగింటికీ సమాన విలువే.

మొదటిది ధారాళత, వరస. మనకు జరిగింది చెబుతుంటే తర్వాత ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు. గుంత, మొక్క, నీళ్లు, ఎండాకాలం, చెట్టు అని ఐదు మాటలు కాగితం మీద రాసుకుంటే రెండు నిమిషాలు నడుస్తుంది.

రెండోది మాటల సంపద. కానుగ చెట్టును ఇంగ్లీషులో ఏమంటారో తెలియక మేము ఆగిపోయేవాళ్లం. ఆగనక్కర్లేదు. "ఎ షేడ్ ట్రీ వి కాల్ కానుగ" అంటే చాలు. తెలియని మాటను తెలిసిన మాటలతో చెప్పగలగడం కూడా నేర్పే. "వెరీ బ్యూటిఫుల్" అని నాలుగుసార్లు అనడం కంటే అది మేలు.

మూడోది వ్యాకరణం. పాత జవాబులో అన్నీ "దేర్ ఆర్", "దేర్ ఈజ్". కొత్త దాంట్లో అప్పుడు తవ్వింది ఒక కాలం, ఇప్పుడు కూర్చునేది ఒక కాలం, అప్పటి నుంచి ఇప్పటిదాకా పెరిగింది మరో కాలం. కథ నిజమైతే కాలాలు వాటంతటవే వస్తాయి. అయినా "సిన్స్ ఫోర్ ఇయర్స్" అన్న తప్పు మా నోట చాలా రోజులు పోలేదు. "ఫర్ ఫోర్ ఇయర్స్" అనాలి.

నాలుగోది ఉచ్చారణ. మనం మాట చివర ఉకారం చేరుస్తాం: పార్కు, బెంచు, గేటు. ఇంగ్లీషులో పెదవి అక్కడే ఆపాలి: పార్క్, బెంచ్, గేట్. ఫోనులో రికార్డు చేసుకుని విన్నప్పుడే మాకిది తెలిసింది. మొదటిసారి మా గొంతులు విని మేమే నవ్వుకున్నాం.

చివరి చర్చలో పార్కులు ఎవరు చూసుకోవాలి, పూర్వం తోటలు ఎక్కువ ఉండేవా లాంటి ప్రశ్నలు వస్తాయి. వీటికీ గైడు అక్కర్లేదు. మొక్క నాటిన రోజు ఫోటో తీసేవాళ్లు ఉంటారు, మే నెలలో నీళ్లు పోసేవాళ్లు దొరకరు అని మనకు తెలుసు. అదే చెప్పొచ్చు. పూర్వం సంగతి అంటారా, బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి అని హైదరాబాద్ పేర్లే సాక్ష్యం. బాగ్ అంటే తోట. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు కూడా పాత పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే అందరి తోట.

రెండోసారి పరీక్షలో ఎవరికీ పార్కు కార్డు రాలేదు. ఒకడికి నిశ్శబ్దంగా ఉండే చోటు గురించి వచ్చింది. వాడు మా వనం గురించే చెప్పాడు. నిమిషం తర్వాత విమానం పోతుంటే అక్కడ నిశ్శబ్దం ఉండదని కూడా చెప్పాడట. పరీక్షకుడు నవ్వి ఇంకో ప్రశ్న అడిగాడట. వాడికి మాట్లాడడంలో 6.5 వచ్చింది. ఇంకొకడికి 6. మూడోవాడికి మళ్లీ 5.5. వాడు ఇంకోసారి రాస్తాడు. ఈసారి ఫీజు మిగతా ఇద్దరం ట్యూషన్లు చెప్పి కూడబెడుతున్నాం. అమ్మలను అడగదలుచుకోలేదు.

హాస్టల్‌లో చదివే పిల్లలకు చెప్పుకోవడానికి ఏముంటుందిలే అని మనమే అనుకుంటాం. మేమూ అలాగే అనుకుని, చూడని ఫౌంటెన్ల గురించి చెప్పి ఫీజు పోగొట్టుకున్నాం. మీరు ఆ ఖర్చు పెట్టకండి. నెలలో రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మేము హాస్టల్‌కు వస్తాం. ఒక్కొక్కరూ తాము నిజంగా చూసిన ఒక చోటు గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. తప్పులు దిద్దేది తర్వాత, ముందు మాట్లాడాలి. వనంలో చోటు చాలకపోతే డాబా ఉండనే ఉంది.