సంధి వదిలిన చోట

వ్యాకరణంలో సంధి అంటే రెండు వర్ణాల కలయిక. వైద్యంలో అదే మాటకు కీలు అని అర్థం. బడిలో తెలుగు చెప్పి రిటైరైన నాకు ఆ మాట యంత్రాలకూ వర్తిస్తుందని 2024 తొలకరిలో ఒక ట్రాక్టరు మేస్త్రి పని చూశాకే తోచింది. మిత్రులతో ఆ ముచ్చట పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మా పల్నాటి ఇంట్లో ఉన్న ట్రాక్టరు 1986లో మా నాన్నగారు కొన్నది. మూడు సిలిండర్ల డీజిలు బండి. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. ఆ ఏడు మంచి వాన పడింది. నల్లరేగడికి పదును వచ్చిందంటే రైతుకు నిద్ర ఉండదు. రెండు మూడు రోజులు ఎండ కాసిందా, నేల మళ్ళీ బిగుసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే బండి మిస్ కొట్టడం మొదలుపెట్టింది. ఇంజను ఒక పక్కంతా డీజిలుతో తడిసి, దానిమీద దుమ్ము పట్టి నల్లగా ఉంది. అంతకుముందే ఎవరో చెప్పారని మావాడు అక్కడ సబ్బు రాసి, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉన్నాడు. అది ఒక్క పూట కూడా నిలవలేదు.

మేస్త్రి వచ్చి ట్యూబు విప్పి, అంతా శుభ్రంగా తుడిచి, ఇంజను స్టార్టు చేయమన్నాడు. "ఎక్కడ కారుతోందో వేలు పెట్టి చూస్తా పెదనాన్నా" అంటూ మావాడు చెయ్యి చాచాడు. మేస్త్రి వాడి మణికట్టు పట్టుకొని ఒక్క లాగు లాగాడు.

"ఆ గొట్టం కాడ చెయ్యి పెట్టబాక బాబూ! అది గుచ్చుకున్నా ముందు నొప్పి కూడా తెలవదు. డీజిలు కండలోకి ఎక్కుద్ది. వేలు తీసేయాల్సి వస్తది."

అతని మాటలో అతిశయోక్తి లేదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతటదే మండుతుంది. అలా చిమ్మాలంటే ఎంతో ఒత్తిడి కావాలి. ఆ తరం ఇంజన్లలో ఇంజెక్టరు తెరుచుకోవడానికి చదరపు సెంటీమీటరుకు దాదాపు 200 కిలోల ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేది రెండు కిలోల పైచిలుకు. అంతటి ఒత్తిడితో సూదిమొనంత సందులోంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చిన్న చుక్కే. లోపల కండ మాత్రం పాడైపోతూ ఉంటుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మేస్త్రి ఒక అట్టముక్కను గొట్టాల వెంట దూరంగా నడిపించాడు. రెండో ఇంజెక్టరు నట్టు దగ్గర అట్టమీద తడి చార పడింది. తుంపర మా కంటికి కనబడనే లేదు. ఇంజను ఆపి విప్పితే గొట్టం చివర, నట్టు కింద, వెంట్రుకవాసి పగులు. కారణమూ అతడే చూపించాడు. మూడు గొట్టాలూ అదరకుండా కలిపి పట్టి ఉంచే రేకు బిగింపు ఒకటి ఉండాలి. అది లేదు. ఎప్పుడో ఇంజను విప్పినవారు తిరిగి పెట్టలేదు. అప్పటినుంచి అదిరి అదిరి గొట్టం అతుకు దగ్గర అలసిపోయింది.

ఆ గొట్టానికి అతుకు వేయరాదట, మార్చవలసిందే. మావాడు నరసరావుపేట వెళ్ళి కొత్త గొట్టమూ బిగింపూ తెచ్చేలోగా మేస్త్రి ఇంజెక్టర్ల పైనున్న రిటర్ను గొట్టం సంగతి చూశాడు. అక్కడి రాగి వాషర్ల దగ్గర కూడా చెమ్మ ఉంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్ళీ అతుకులో ఒదగదు. అతడు వాటిని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఒకే నిప్పు, ఒకే నీరు, రెండు ఫలితాలు!

గొట్టం బిగించేటప్పుడు ఒక స్పానరుతో కింది భాగాన్ని కదలకుండా పట్టి, మరొకదానితో నట్టు తిప్పాడు. బలం చూపించలేదు. "ఎక్కువ బిగిస్తే పగిలేది మళ్ళీ ఇదే మాస్టారూ" అన్నాడు. ఆపై ఫిల్టరు స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీశాడు. ట్యాంకుకూ పంపుకూ నడుమ అతుకు వదులైతే చుక్క కారకపోయినా గాలి లోపలికి పోయి ఇంజను ఆగిపోతుందట. సాయంత్రం నాలుగింటికి బండి చేలోకి వెళ్ళింది. పదును పోలేదు.

నాకు మిగిలిన ఆలోచన ఒక్కటే. మేమంతా కారే చుక్కనే చూస్తూ, నష్టమంతా అదేననుకున్నాం. వేలికి గండం కనబడని తుంపరలో ఉంది. గొట్టానికి గండం కనబడకుండా పోయిన రేకుముక్కలో ఉంది. కారే సంధి తనంతట తానే చెబుతుంది. చెప్పని సంధుల్ని వెతికి చూడాలి.

మీ ఇళ్ళలో పాత ట్రాక్టర్లు, నీళ్ళ ఇంజన్లు ఉంటే ఒకసారి ఆ బిగింపు ఉన్నదో లేదో చూడండి. పిల్లలకు మాత్రం అట్టముక్క సంగతి ఈ రోజే చెప్పండి.