పదకొండు రోజులు

ఉద్యోగ జీవితంలో తన చదువుతో ఏమాత్రం సంబంధం లేని బాధ్యతలు కూడా మనిషికి అప్పుడప్పుడూ సంక్రమిస్తూ ఉంటాయి. నేను యంత్రాల నడుమ, కొలతల నడుమ పెరిగిన ఇంజనీరును. ప్రమాదం జరగకముందు ఫ్యాక్టరీని చూసి రావడం, జరిగిన తరువాత దాని బూడిదను చూసి రావడం, సాధారణ బీమా రంగంలో నా వృత్తి స్థూలంగా ఇంతే. అటువంటి నేను కలకత్తాలో మూడేళ్లపాటు న్యాయవాదుల పొరపాట్లను తూచే కమిటీలో సభ్యుడిగా కూర్చోవలసి వచ్చింది. సంగతి తెలిసి హైదరాబాదు మిత్రుడొకడు "అయితే వకీళ్లకే వకీలువయ్యావన్నమాట!" అని ఫోనులో పగలబడి నవ్వాడు. నాకూ నవ్వే వచ్చింది. కాని ఆ మూడేళ్లలో ఒక ఫైలు నాచేత చాలా రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఆ ముచ్చటే మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా నా నోట కలకత్తా అనే వస్తుంది. పాఠకులు మన్నింతురు గాక.

మన కుటుంబ సభ్యులలో కొందరికి ఈ బీమా కొత్తగా తోచవచ్చు. ఇంటికి, బండికి, ప్రాణానికి బీమా ఉన్నట్లే వృత్తిలో దొర్లే పొరపాటుకు కూడా బీమా ఉంది. దానిని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ అంటారు. డాక్టరు చికిత్సలో, ఆర్కిటెక్టు నక్షాలో, ఆడిటరు లెక్కలో, వకీలు దావాలో అజాగ్రత్త వలన ఎవరికైనా నష్టం కలిగిస్తే, చట్టప్రకారం ఆయన చెల్లించవలసిన పరిహారాన్ని, ముందుగా ఒప్పుకున్న పరిమితికి లోబడి, బీమా సంస్థ చెల్లిస్తుంది. మొదటి కొంత భాగాన్ని ఆయనే భరించాలి.

వకీలు మీద కక్షిదారు దావా వేయవచ్చునా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. వేయవచ్చు. వృత్తి ధర్మంలో అజాగ్రత్త వలన కలిగిన నష్టానికి, కేవలం వకీలు అయినంత మాత్రాన ఎవరికీ మినహాయింపు లేదని 1926 నాటి లీగల్ ప్రాక్టిషనర్స్ ఫీజుల చట్టమే చెప్పింది. డాక్టర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చిన తరువాత, మరి వకీళ్ల సంగతేమిటన్న ప్రశ్న బయలుదేరింది. వారూ వస్తారని జాతీయ వినియోగదారుల కమిషన్ 2007లో అన్నది. రారని సుప్రీంకోర్టు 2024 మే 14న తేల్చింది. కాబట్టి వినియోగదారుల ఫోరం తలుపు మూసుకున్నది కాని, సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉన్నది. మన దేశంలో వకీళ్లకు ఈ పాలసీ తప్పనిసరి కాదు. ఇంగ్లండులో తప్పనిసరి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ప్రైవేటుగా ప్రాక్టీసు చేసే న్యాయవాదులందరికీ కలిపి 1978 నుంచి ఒక ప్రత్యేక నిధి నడుస్తున్నది. దాని పాలకమండలిలో న్యాయవాదులు కానివారికి కూడా చోటు ఉన్నదని చదివినప్పుడు, నా స్థానం మరీ అంత వింతైనది కాదని ధైర్యం తెచ్చుకున్నాను.

మా కమిటీలో ఐదుగురం. ఇంజనీర్ల, ఆర్కిటెక్టుల క్లెయిములకు సాంకేతిక పరిజ్ఞానం కావాలని నన్ను వేశారు. అదే బల్ల మీదికి వకీళ్ల ఫైళ్లు కూడా వచ్చేవి. మొదటి ఏడాది వాటిని నేను కేవలం వింటూ కూర్చున్నాను.

రెండవ ఏడాది వచ్చిన ఫైలు అరవై దాటిన ఒక సివిల్ న్యాయవాదిది. ఆయన కక్షిదారు కాలేజీ స్ట్రీట్ ప్రాంతంలో చిన్న ప్రెస్సు నడుపుకునే మనిషి. పుస్తకాలు అచ్చువేయించుకున్న ఒక సంస్థ సుమారు ఆరు లక్షల రూపాయలు బాకీ పడింది. అటువంటి బాకీకి దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు సరిగ్గా దసరా సెలవుల్లో పూర్తయ్యాయి. బెంగాలులో పూజా సెలవులంటే కోర్టులు చాలా రోజులు మూతపడి ఉంటాయి. గడువు కోర్టు సెలవుల్లో ముగిస్తే, కోర్టు తిరిగి తెరిచిన రోజున దావా వేయవచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టం నాలుగవ సెక్షను ఇచ్చిన వెసులుబాటు ఇది. అయితే ఆ ఒక్క రోజే. మరుసటి రోజు పనికిరాదు.

వకీలుగారి గుమాస్తా, ఇక్కడివారు ముహురి అంటారు, పాలవాడు రాని రోజులను మనం నెల లెక్కలో నుంచి తీసివేసినట్లు సెలవు రోజులన్నీ గడువులో నుంచి తీసివేసి డైరీలో తేదీ వేశాడు. వకీలుగారు డైరీని నమ్మారు. కోర్టు తెరిచిన పదకొండు రోజులకు దావా దాఖలైంది. అప్పీలు ఆలస్యమైతే మన్నించమని కోర్టును వేడుకోవడానికి అయిదవ సెక్షను ఉంది. దావాకు ఆ వీలు లేదు. బాకీ ఉన్నానని ప్రతివాది గడువులోగా ఎక్కడైనా సంతకం పెట్టి ఒప్పుకుని ఉంటే ఆనాటి నుంచి గడువు మళ్లీ మొదలయ్యేది. అటువంటి కాగితం ఒక్కటీ లేదు. దావా కొట్టివేయబడింది.

అసలు చిక్కు ఇది కాదు. ప్రతివాది తన జవాబులో గడువు సంగతి ఎత్తిన రోజునే వకీలుగారు లెక్క సరిచూసుకుని, కక్షిదారుకు బెంగాలీలో ఒక ఉత్తరం వ్రాశారు. దావా ఆలస్యంగా దాఖలైందని, ఆ తప్పు తమ ఆఫీసుదేనని, ఫీజు మొత్తం తిరిగి ఇస్తున్నానని, బీమా సంస్థకు కూడా తెలియజేస్తున్నానని అందులో ఉంది. దాని నకలు అదే రోజున మాకు పంపారు.

పాలసీలో ఒక షరతు ఉంటుంది. బీమా సంస్థ వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా పాలసీదారు బాధ్యతను ఒప్పుకోరాదు, ఏ చెల్లింపూ వాగ్దానం చేయరాదు. షరతు అర్థం లేనిది కాదు. చెల్లించేది మనమైనప్పుడు, పాలసీదారు మొహమాటానికో స్నేహానికో ఒప్పేసుకుంటే సంస్థ గతి ఏమిటి? ఆర్థిక విభాగం నుంచి వచ్చిన మా సభ్యుడు ఆ షరతు మీద వేలు పెట్టి, "తప్పు మాదే అని సంతకం పెట్టి ఇచ్చాడు. ఇక మనకు వాదించడానికి ఏం మిగిలింది దాదా?" అని నన్నడిగాడు. క్లెయిమును తిరస్కరించాలన్న ముసాయిదా తయారైంది. నేనూ తల ఊపాను. షరతు షరతే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర, పేర్లు చెప్పకుండా ఈ కథ మా ఆవిడకు చెప్పాను. ఆమె అంతా విని, "ఏమండీ, అయితే ఆయన ఉత్తరం వ్రాయకుండా నోరు మూసుకుని ఊరుకుని ఉంటే మీరు డబ్బు ఇచ్చేవారన్నమాట!" అన్నది. నాకు సమాధానం తోచలేదు. చారు చల్లారిపోతున్నదని ఆమె హెచ్చరించేదాకా అలాగే కూర్చున్నాను.

ఆ రాత్రి నాకు గుంటూరు గుర్తుకు వచ్చింది. 1994లో, ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, పొగాకు గిడ్డంగుల తనిఖీకి వెళ్లాను. రెండు గిడ్డంగుల మధ్య ఎంత ఖాళీ ఉందన్న దానిని బట్టి వాటిని ఒకే ప్రమాద స్థలంగా లెక్కించాలా, వేర్వేరుగానా అన్నది తేలుతుంది. ఎండ మండిపోతున్నది. నేను టేపు తీయకుండా కంటితోనే అంచనా వేసి పదిహేను మీటర్లని రిపోర్టులో వ్రాసేశాను. ఆ రాత్రి పడుకున్నాక, ఆ ఖాళీలో ఒక తాటాకు పాక కూడా ఉన్నట్లు కళ్లకు కట్టింది. తెల్లవారి వెళ్లి మా మేనేజరుగారితో ఉన్నదున్నట్లు చెప్పాను. మెమో ఇస్తారనుకున్నాను. ఆయన రిపోర్టును నా చేతిలో పెట్టి, "మొదటి బస్సుకు వెళ్లి కొలిచి రావయ్యా" అన్నారు. అంతే. మరి ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన ఆ రోజు కేకలు వేసి ఉంటే, తరువాతి తప్పును నేను ఎవరికీ చెప్పి ఉండేవాడిని కాదేమో.

మరుసటి సమావేశంలో, న్యాయశాస్త్రం తెలియనివాడినని ముందే మనవి చేసుకుని, ఒక ఇంజనీరు ప్రశ్న అడిగాను. ఈ ఉత్తరం వలన మనకు కొత్తగా కలిగిన నష్టం ఎంత? దావా ఏ తేదీన దాఖలైందో కోర్టు ముద్రే చెబుతున్నది. గడువు ఏనాడు ముగిసిందో క్యాలెండరు చెబుతున్నది. వకీలుగారు ఉత్తరం వ్రాసినా వ్రాయకపోయినా ఆ పదకొండు రోజులు పన్నెండూ కావు, పదీ కావు. అప్పుడు మా లా ఆఫీసరు, నేను అనుభవం మీద గౌరవంతో దీదీ అని పిలిచే ఆమె, నా మాటకు చట్టం భాషలో రూపం ఇచ్చారు. జరిగినది చెప్పడం వేరు, పరిహారానికి బాధ్యత వహించడం వేరు. తన దావా ఏమైందో తెలుసుకునే హక్కు కక్షిదారుకు ఉన్నది, చెప్పే ధర్మం వకీలుకు ఉన్నది. ఇంత ఇస్తానని ఆయన ఎక్కడా వ్రాయలేదు. ఆ ధర్మాన్ని నేరంగా చేసే అర్థాన్ని షరతుకు మనమెందుకు అంటగట్టాలి?

ఆర్థిక విభాగం మిత్రుడు వెంటనే ఒప్పుకోలేదు. "ఈ తలుపు తెరిస్తే రేపు అందరూ ఉత్తరాలు వ్రాస్తారు" అన్నాడు. ఆయన భయం కూడా నిజమైనదే. మనం కాపాడవలసింది ప్రీమియం కట్టిన వేలాదిమంది సొమ్మును. రెండు సమావేశాల చర్చ తరువాత తిరస్కరణ ముసాయిదా వెనక్కు తీసుకున్నాము.

అంతమాత్రాన ఆరు లక్షలూ లెక్కపెట్టి ఇవ్వలేదు. దావా సకాలంలో పడి ఉంటే గెలిచేదా? గెలిచినా ఆ సంస్థ నుంచి డబ్బు వసూలయ్యేదా? ఇటువంటి క్లెయిములలో తేల్చవలసిన అసలు లెక్క ఇదే. పోయినది డబ్బు కాదు, డబ్బు వచ్చే అవకాశం. దాని విలువ కట్టడానికి, ఎన్నడూ జరగని విచారణను మనసులో జరిపి చూడాలి. ఇందులో ఒక విషాదం కూడా ఉంది. నిన్నటిదాకా ఈ బాకీ న్యాయమైనదని వాదించిన వకీలు తరఫునే, నేడు అది అంత గట్టి దావా కాదని మేము వాదించవలసి వచ్చింది. కొన్ని బిల్లుల మీద అచ్చుతప్పుల తగాదా ఉన్నట్లు కాగితాలలో కనిపించింది. చివరకు ప్రెస్సు యజమానితో మూడు లక్షల డెబ్భై అయిదు వేలకు రాజీ కుదిరింది. వకీలుగారు తమ వంతు భాగం చెల్లించారు.

కాగితాల మీద సంతకానికి ఆయన మా కార్యాలయానికి వచ్చారు. రంగు వెలిసిన నల్లకోటు, భుజాన గుడ్డసంచి. లెక్క తప్పిన గుమాస్తాను తీసివేశారా అని నేను మాటవరసకు అడిగాను. "ముప్ఫై ఏళ్ల నుంచి అతడు వేసిన తేదీల మీదనే నేను బతికాను ఇంజనీరు సాహెబ్. లెక్క చూసుకోవలసింది నేను" అన్నారు. ఇప్పుడు ఇద్దరూ విడివిడిగా తేదీ లెక్కించి, రెండూ కలిస్తేనే డైరీలో వ్రాస్తున్నారట. మన ఫ్యాక్టరీలలో ముఖ్యమైన వాల్వును ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలన్న నియమం వంటిదే ఇది.

ఆ తరువాతి ఏడాది మరో వకీలు ఫైలును తిరస్కరించాము. ఆయన తన పొరపాటును చాలాకాలం దాచి, ఆ సంగతి తెలిసి ఉండీ ప్రపోజలు ఫారంలో "ఏమీ లేదు" అని వ్రాసి పాలసీ తీసుకున్నారు. ఈ పాలసీ క్లెయిము ఎప్పుడు వచ్చిందన్న దాని మీద నడిచేది. ముందే తెలిసిన నష్టాన్ని దాచిపెట్టి కొనుక్కునేది బీమా కాదు. ఈసారి తల ఊపడానికి నాకు క్షణం పట్టలేదు. ఆ రెండు ఫైళ్లలోనూ పొరపాటు ఇంచుమించు ఒక్కటే. ఒకరు చెప్పారు, ఒకరు దాచారు.

కమిటీ నుంచి దిగిపోయి కొంతకాలమైంది. సంస్థ సొమ్మును కాపాడడమే అక్కడ మా పని అని మొదట అనుకున్నాను. తప్పు జరిగిన రోజునే దానిని మాకు చెప్పడానికి పాలసీదారు భయపడకుండా చూడడం కూడా సొమ్మును కాపాడడమేనని ఆ పదకొండు రోజులు నాకు నేర్పాయి. ఆలస్యంగా తెలిసిన తప్పు ఎప్పుడూ పెద్ద తప్పే. ఇది న్యాయవాదులకే పరిమితమైన నీతి కాదు. రేపు మన దగ్గర పనిచేసే కుర్రవాడొకడు తెల్లవారుతూనే ముఖం వేలాడేసుకుని "సార్, నిన్న రిపోర్టులో ఒక తప్పు వ్రాశాను" అని వచ్చి నిలబడవచ్చు. అతడిని ముందు కూర్చోబెడదాం. తరువాత టేపు చేతికిచ్చి పంపుదాం.