బంగాళాఖాతంలో చివరి పగలు

విశాఖపట్నానికీ, అండమాన్ దీవుల రాజధానికీ మధ్య దూరం సుమారు 1200 కిలోమీటర్లు. విమానంలో అది రెండు గంటల కునుకు. ఓడలో సుమారు 56 గంటలు. ఎల్.టి.సి.పై ఆ దీవులకు వెళ్లే మన సహోద్యోగులలో అధికులు విమానాన్నే ఎంచుకోవడం సహజం. 2017 జనవరిలో నేనూ, నా శ్రీమతీ తిరుగు ప్రయాణానికి మాత్రం ఓడనే ఎంచుకొన్నాము. 2024లో శ్రీ విజయపురం అయిన ఆ నగరం అప్పటికింకా పోర్ట్ బ్లెయిరే. మేమెక్కిన ‘స్వరాజ్ ద్వీప్’ సుమారు 1200 మందిని మోయగల ఓడ. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైనది. పుట్టింటికి పోతున్న ఓడలో ప్రయాణం చేస్తున్నామని శ్రీమతి ముచ్చటపడింది.

సెల్యులార్ జైలును గూర్చి, పగడపు దిబ్బలను గూర్చి పలువురు వ్రాసి ఉన్నారు. నేను చెప్పదలచినది సముద్రం మీద గడచిన చివరి పగటిని గూర్చి.

ఆ రోజు చేయవలసిన పని ఏదీ లేదు. చూడవలసిన ప్రదేశమూ లేదు. అడుగున రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతు, చుట్టూ నీలం. అనంతమనిపించే ఆ దిగంతం నిజానికి ఎంతో దూరంలో లేదు. నీటికి 16 మీటర్ల ఎత్తున డెక్కు మీద నిలిచినవారికి అది సుమారు 14 కిలోమీటర్లు మాత్రమే. దీవులలోనూ మన తీరంలోనూ గడియారం ఒక్కటే అయినా మధ్యాహ్నం ఒక్కటి కాదు. రేఖాంశాలలో తేడా దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన మధ్యాహ్నం 38 నిమిషాలు ఆలస్యం. ఆ ఆలస్యం ఓడలో రోజురోజుకూ కొంచెం కొంచెంగా అనుభవానికి వస్తుంది.

క్రింది అంతస్తులో బంకు తరగతి ఉన్నది. వరుసలుగా రెండంతస్తుల పడకలు, వాటి నడుమ కొబ్బరికాయల బస్తాలు, ట్రంకు పెట్టెలు, నిద్రించే పసివాళ్లు. అక్కడ ఒక వృద్ధ దంపతులతో పరిచయమైంది. శ్రీకాకుళం జిల్లా నుండి యాభై ఏండ్ల క్రితం కూలిపనికి వెళ్లి, దీవులలోనే స్థిరపడిన కుటుంబం. భార్యకు గుండెజబ్బు. ఆపరేషను కోసం విశాఖ తీసుకొని వస్తున్నాడు. ద్వీపవాసులకు ఓడ టిక్కెట్టులో రాయితీ ఉన్నది.

“మీకిది షికారు ఓడ బాబూ! మాకిదే ఊరి బస్సు” అన్నాడాయన నవ్వుతూ.

నేను ఇంజనీరునని తెలిసిన తరువాత గంటకొకసారి డెక్కు మీదికి వచ్చి, “ఇంకెంత దూరం బాబూ?” అని అడిగేవాడు. ఓడ వేగాన్ని, గడచిన కాలాన్ని లెక్కగట్టి చెప్పేవాణ్ణి. 250 కిలోమీటర్లు. 230 కిలోమీటర్లు. సెలవు ముగిసిపోతున్న నాకు ఆ అంకె తగ్గుతుంటే దిగులు. ఆయనకు అదే ధైర్యం. భార్య పక్కకు వెళ్లి, చేతివ్రేళ్లు చూపుతూ ఆ అంకెనే ఆమెకు చెప్పేవాడు.

మన కర్మాగారంలో ఎనిమిది గంటల షిఫ్టు. ఓడ యంత్రశాలలో నాలుగు గంటల ‘వాచ్’. నాలుగు గంటలు విధి, ఎనిమిది గంటలు విరామం, మరల విధి. పన్నెండు గంటలకు డ్యూటీ దిగి వచ్చిన ఒక యువ ఇంజనీరు నూనె మరకల బట్టలతో రెయిలింగు వద్ద నిలిచి గాలి పీల్చుకొంటున్నాడు. వృద్ధునికి నేను చెబుతున్న అంకెలను తగ్గిస్తున్నది అతడూ, అతని తోటివారూ.

సాయంకాలానికి నీటి రంగు మారింది. నీలంలో పచ్చదనం కలిసింది. తెల్లవారుజామున దీపస్తంభపు వెలుగు, వెలుతురు వచ్చాక డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించాయి. భూమి గుండ్రన కనుక ముందు శిఖరం, తరువాత వాలు, చివరకు తీరం. 1933లో ఓడలకు తెరచిన లోపలి రేవుకు దారి ఈ కొండ ప్రక్కగానే. ఇటు వైపున చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం ఉన్న మూడు కొండలు. డెక్కు మీద ఎవరి దైవానికి వారు చేతులు జోడించారు. వృద్ధుడు మూడింటికీ మ్రొక్కాడు.

రోగులకు ముందు దారి ఇవ్వవలసిందిగా మైకులో ప్రకటించారు. వెంటనే జనమంతా ప్రక్కకు ఒదిగారు. ఆమె భర్త భుజాన్ని ఆసరా చేసుకొని, ఒక్కొక్క మెట్టే దిగింది.

అవకాశం, ఆరోగ్యం ఉన్న సహోద్యోగులు ఓడ తేదీలు ముందుగా విచారించుకొని, ఒక్క వైపైనా సముద్రం మీద ప్రయాణించవలసిందిగా నా మనవి. అప్పుడు తప్పక ఒకమారు బంకు తరగతికి దిగి వెళ్లండి. మన విహారయాత్ర ఎందరికి జీవనమార్గమో అక్కడ తెలుస్తుంది. “ఇంకెంత దూరం?” అని ఎవరైనా అడిగితే, కాస్త లెక్కగట్టి చెప్పండి.